“నేనైతే నాలుగు వేశాను, ప్యానెల్‌లో తగ్గించారు”

హైదరాబాద్‌లో ఓ పెద్ద ఐటీ కంపెనీలో (పేరు అనవసరం) తొమ్మిది అప్రైజల్ సైకిళ్లు (ఏడాదికోసారి ఉద్యోగుల పనిని బేరీజు వేసే తంతు) రేటింగ్ ఇచ్చేవాడిగా గడిపాను. అంతకుముందు కొన్నేళ్లు పుచ్చుకునేవాడిగా. ఇక్కడ నా సొంత గోడు ఏమీ లేదు. ఏప్రిల్‌లో గోల్స్ పెట్టిన దగ్గర్నుంచి మరుసటి ఏడాది సర్వే రిపోర్టు చేతికొచ్చేదాకా లోపల ఏం జరుగుతుందో, టీమ్ ఎక్కడ చల్లబడిపోతుందో, మేనేజర్ చేతిలో నిజంగా ఉన్నదెంతో చెబుతాను. లీడ్ నుంచి కొత్తగా మేనేజర్ అయినవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. రేటింగ్ పుచ్చుకునేవాళ్లకైతే, తెర వెనక లెక్క తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

హైక్ తక్కువొచ్చిందన్న బాధ రెండు మూడు నెలల్లో చప్పబడుతుంది. ‘మా మేనేజర్‌కి నా విషయంలో ఏ అధికారమూ లేదు, లేదా ఉండి కూడా నాతో అబద్ధం చెప్పాడు’ అన్న అనుమానం మాత్రం తగ్గదు. శీర్షికలో పెట్టిన మాట ఆ అనుమానానికి విత్తనం (ప్యానెల్ అంటే మేనేజర్లంతా కూర్చుని రేటింగులు ఖాయం చేసే మీటింగ్). దాన్ని ఎవరూ దుర్బుద్ధితో అనరు. అసలు ఆ పద్ధతే ఆ మాటని తెచ్చి నోట్లో పెడుతుంది.

కాయితం మీది మేనేజర్

మా స్కేలు 1 నుంచి 5. 3 అంటే ‘ఆశించినంత చేశాడు’. కొన్ని కంపెనీల్లో అక్షరాలుంటాయి, కొన్నిచోట్ల అసలు రేటింగే లేదంటారు, కానీ వచ్చిన హైక్ శాతం చూసి క్యాంటీన్‌లో అందరూ వెనక్కి లెక్క కట్టేసుకుంటారు.

ఏప్రిల్‌లో అప్రైజల్ పోర్టల్ తెరుస్తారు. నాలుగు నుంచి ఆరు గోల్స్, వెయిటేజీ మొత్తం 100. సగం మంది పోయినేడాదివే కాపీ చేసి పడేస్తారు. అది పెద్ద నేరం కాదు. ప్రాజెక్టు నడిమధ్యలో మారినప్పుడు గోల్స్ మార్చకపోవడం మాత్రం నేరమే. జూలైలో ఒక అకౌంట్ (క్లయింట్) నుంచి ఇంకో అకౌంట్‌కి వెళ్లినవాడికి మార్చిలో కొత్త మేనేజర్ దగ్గర చరిత్ర ఉండదు, పాత మేనేజర్‌కి అతనితో పని ఉండదు. మారిన వారంలోనే పాత మేనేజర్ చేత ఆరేడు లైన్ల ఫీడ్‌బ్యాక్ పోర్టల్‌లో వేయించాలి. మెయిల్‌లో ఉంటే చాలదు. ప్యానెల్‌లో తెర మీదికొచ్చేది పోర్టల్‌లో ఉన్నదే.

ఇంకో చిక్కు ఉంది. పెద్ద కంపెనీల్లో రేటింగ్ వేసే రిపోర్టింగ్ మేనేజర్ (ఆర్‌ఎం) ఒకరు, రోజూ పని చేయించుకునేది ఆన్‌సైట్‌లో ఉన్న ఇంకొకరు. ఒక ఆర్‌ఎం కింద ఇరవై మంది ఉంటే అందులో పన్నెండు మంది పని ఆయన కళ్లారా చూసి ఉండడు. ఫిబ్రవరి మూడో వారంలో ఆన్‌సైట్ లీడ్‌కి పన్నెండు పేర్లతో ఒకే మెయిల్ పెడతాడు. ‘మంచి కుర్రాడు, టీమ్‌తో బాగా కలుస్తాడు’ అని అందరికీ ఒకే జవాబు వస్తుంది. దాంతో ప్యానెల్‌లో వాదించడం అంటే ఖాళీ చేతులతో సంతకెళ్లడమే. అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి మనిషికి రెండు ప్రశ్నలు పంపితే పని జరుగుతుంది: ఈ మూడు నెలల్లో ఇతను లేకపోతే ఏది ఆగిపోయేది? ఇతను చేసినదాంట్లో ఏది రెండోసారి చేయించాల్సి వచ్చింది? మొదటిదానికి జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

సెల్ఫ్ అప్రైజల్ దగ్గర మనవాళ్ల వినయం కొంప ముంచుతుంది. ‘టీమంతా కలిసి చేశాం’ అని రాస్తారు. ప్యానెల్‌లో ఎవరో ఒకరు ‘ఇందులో ఇతను చేసిందేంటి’ అంటారు, జవాబు ఉండదు. ఒక్కో గోల్‌కి నాలుగు లైన్లు చాలు: చేసిన పని, ముందున్న అంకె, తర్వాతి అంకె, రుజువు ఎక్కడుంది. ‘రాత్రి బ్యాచ్ పనితీరు మెరుగుపరిచాను’ అన్నది గాలి మాట. ‘రాత్రి బ్యాచ్ 6 గంటల 40 నిమిషాలు పట్టేది, నవంబరు నుంచి 2 గంటల 10 నిమిషాలు, ఫలానా టికెట్’ అన్నది కొట్టేయలేని మాట.

ప్యానెల్ గది

దీన్ని నార్మలైజేషన్ అంటారు, కొన్నిచోట్ల క్యాలిబ్రేషన్. యూనిట్ మొత్తానికి ఒక మీటింగ్. మాది 140 మంది యూనిట్. డెలివరీ హెడ్, ఏడెనిమిది మంది ఆర్‌ఎంలు, ఒక హెచ్‌ఆర్ మనిషి, గోడ మీద ఎక్సెల్ షీట్. షీట్‌లో గ్రేడు, ఆర్‌ఎం వేసిన రేటింగ్, పోయినేడాది రేటింగ్, బిల్లింగ్ శాతం, ప్రమోషన్ సిఫార్సు ఉంటాయి. పై నుంచి వచ్చిన కర్వ్, అంటే ఏ రేటింగ్ ఎంతమందికి ఇవ్వాలన్న కోటా: 5కి 10 శాతం, 4కి 25, 3కి 55, కింది రెండింటికీ కలిపి 10. అంటే 14, 35, 77, 14.

ఆర్‌ఎంలు వేసుకొచ్చే అంకెలు ఎప్పుడూ దీనికి సరిపోవు. మచ్చుకు 5లు 30, 4లు 62, 3లు 45, 2లు 3 అనుకోండి. ఇప్పుడు లెక్క చూడండి. 30 మందిలో 16 మంది 4కి దిగాలి. అప్పుడు 4లు 78 అవుతాయి, అందులో 43 మంది 3కి దిగాలి. 3లు 88 అవుతాయి, 11 మంది 2కి దిగాలి. మొత్తం 70 మంది. అంటే యూనిట్‌లో సరిగ్గా సగం మందికి ఒక మెట్టు తగ్గుతుంది. ఆ 70 మందికీ వారం తిరక్కుండా ఎవరో ఒక మేనేజర్ ‘నేనైతే ఎక్కువే వేశాను’ అంటాడు. అది నిజం కూడా. అందుకే అంత హాని.

మరి ముందే సరిగ్గా వేసుకురావచ్చు కదా అంటే, రారు. తిరునాళ్లలో ముందువరసవాడు లేచి నిలబడితే వెనకవాళ్లంతా లేవాల్సిందే. ఒక్క ఆర్‌ఎం నిజాయితీగా వేసుకొస్తే ఆయన 3లు 3లుగానే ఉంటాయి, పక్కాయన పెంచి తెచ్చిన 4ల్లో కొన్నయినా నిలబడతాయి. పైగా, పెంచి వేస్తే టీమ్ దగ్గర మంచివాడనిపించుకోవచ్చు, తగ్గించిన నింద ప్యానెల్ మీదికి పోతుంది. దీన్ని ఆపడానికి నేను చూసినవాటిలో పనిచేసిన ఉపాయం ఒకటుంది. ప్యానెల్‌కి ముందే ఒక్కో ఆర్‌ఎం తన గ్రేడువారీ వరసక్రమం ఇవ్వాలి, రేటింగ్ కాదు. ఎనిమిది మంది సీనియర్ ఇంజనీర్లుంటే ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఆ వరస రాయడం రేటింగ్ వేయడం కంటే చాలా కష్టం. కానీ రాశాక ‘ప్యానెల్ తగ్గించింది’ అనే వీలుండదు, ఆరో స్థానంలో పెట్టింది తనే.

టైమ్ సంగతి. 140 మంది, మూడు గంటలు. మనిషికి 77 సెకన్లు. నిజానికి అంత కూడా కాదు. పైనున్న ఇరవై మంది మీద, కిందున్న పదిహేను మంది మీద టైమంతా పోతుంది, మధ్యలో వందకు పైగా మందిని స్క్రోల్ చేసేస్తారు. కంపెనీని రోజూ మోసేది ఆ వంద మందే. ఇంకో సంగతి, మొదటి గంటలో వాదనకి ఓపిక ఉంటుంది, భోజనాలయ్యాక ఎవరి పేరొచ్చినా ‘సరే, మూడు చేసేద్దాం’ అంటారు. మీ టీమ్ పేర్లు షీట్‌లో చివరుంటే, గ్రేడువారీగా చూద్దామని మొదట్లోనే అడగండి. ప్యానెల్ రోజున సెలవు పెట్టకండి. మీ బదులు ఎవరో మాట్లాడతారన్నది భ్రమ. ఆయనకి సర్దాల్సిన సొంత పేర్లున్నాయి.

గదిలో విశేషణాలు పనికిరావు. ‘చాలా హార్డ్‌వర్కర్ అండీ’ అంటే అందరూ తలూపి తగ్గిస్తారు. మనిషికి మూడు లైన్లు చేతిలో ఉండాలి: అంకె ఉన్న పని ఒకటి, దానికి రుజువు, అదే గ్రేడులో ఇంకొకరితో పోలిక. మూడోది చెప్పడానికి మొహమాటపడతారు, కానీ కర్వ్ ఉన్నచోట నడిచేది పోలికే.

కింది పెట్టెలో ఎవరు పడతారు

కర్వ్ వెనక గణితం తప్పు కాదు, దాన్ని వాడే చోటు తప్పు. వేల మందిలో పదో వంతు వెనకబడి ఉన్నారనుకుందాం. ఎనిమిది మంది టీమ్‌లో అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోవడానికి అవకాశం 0.9ని ఎనిమిది సార్లు గుణిస్తే వస్తుంది, 43 శాతం. సరిగ్గా ఒక్కరుండే అవకాశం 38. ఇద్దరు లేదా అంతకుమించి 19. అంటే ‘ప్రతి టీమ్ నుంచి ఒకరినివ్వండి’ అన్న ఆదేశం వంద టీముల్లో 38 చోట్లే న్యాయం. 43 చోట్ల లేనివాణ్ని తయారుచేస్తారు, 19 చోట్ల ఉన్నవాళ్లలో ఒకరు బతికిపోతారు. పైగా 8లో 10 శాతం 0.8, దాన్ని 1 అంటారు. ఇలా ప్రతి మెట్టులోనూ పైకి సవరించుకుంటూ పోతే 10 శాతం కాస్తా 12 శాతం దాటుతుంది. కోటా 140 మంది మీదే లెక్కపెట్టాలి, టీమ్‌ల మీద కాదు. ఈ ఒక్కమాట మీద పట్టుబట్టి హెచ్‌ఆర్‌ని ఒప్పించగలిగితే ఏడాదికి ముగ్గురు నలుగురు మనుషులు మిగులుతారు.

లేనివాణ్ని తయారుచేయాల్సి వచ్చినప్పుడు ఎవరు దొరుకుతారో వరస దాదాపు ఖాయం. మొదట నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు. వాళ్లకి ఎలాగూ హైక్ లేదు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. ఈ సంగతి తెలిసే చాలా కంపెనీలు కటాఫ్ తేదీ పెట్టి వాళ్లని షీట్‌లోంచి తీసేస్తాయి. తర్వాత బెంచ్ మీద (ఏ ప్రాజెక్టూ లేకుండా) ఉన్నవాళ్లు, అక్టోబరు తర్వాత చేరినవాళ్లు, నడిమధ్యలో టీమ్ మారినవాళ్లు. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్లు. చట్టప్రకారం 26 వారాలు సెలవు. ఏడాదిలో సగం. ‘డేటా తక్కువుంది, ఈసారికి మూడు’ అంటారు, కోటా బిగిస్తే అది రెండు అవుతుంది. దీనికి మందు సెలవుకి ముందే ఉంది. సెలవు మొదలయ్యే వారంలో అప్పటిదాకా చేసిన పనికి రేటింగ్ వేసి, పోర్టల్‌లో పెట్టి, ఇద్దరూ ఒప్పుకున్నట్టు నమోదు చేయించాలి. పనిచేసిన నెలలకే రేటింగ్, మిగతా నెలలు లెక్కలోకే రావు. రాతలో లేకపోతే మార్చిలో ఆమె తరఫున మాట్లాడేవాళ్లకి గొంతు పెగలదు.

ఈ కర్వ్ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్. 1981 నుంచి 2001 దాకా ఆ కంపెనీని నడిపిన జాక్ వెల్చ్ ఉద్యోగుల్ని 20, 70, 10 శాతాలుగా విడదీసి, కింది పది శాతాన్ని పంపేయాలన్నాడు. మైక్రోసాఫ్ట్‌లో దీన్ని తీసేసింది సత్య నాదెళ్ల అని మనవాళ్లలో గట్టి నమ్మకం. నిజానికి తీసేస్తున్నట్టు అప్పటి హెచ్‌ఆర్ అధిపతి లీసా బ్రమ్మెల్ ఉద్యోగులకి మెయిల్ పెట్టింది 2013 నవంబరులో, స్టీవ్ బాల్మర్ ఇంకా సీఈవోగా ఉండగానే. నాదెళ్ల వచ్చింది 2014 ఫిబ్రవరి 4న. ఆయన చేసిన పని దాని తర్వాతది, ఇంకా కష్టమైంది: కర్వ్ పోయినా మనుషుల్లో మిగిలిపోయిన పోటీ బుద్ధిని కరిగించడం. 2015లో యాక్సెంచర్ కూడా ఏడాదికోసారి ర్యాంకు ఇచ్చే పద్ధతిని వదిలేస్తున్నట్టు ప్రకటించింది, ఇన్ఫోసిస్ బెల్ కర్వ్‌ని పక్కన పెట్టిందీ ఆ రోజుల్లోనే. అయితే కర్వ్ పోయినంత మాత్రాన బడ్జెట్ పోదు. జీతాల పెంపుకి 8 శాతం ఇచ్చారంటే అందరికీ 12 రాదు. షీట్‌లో కనపడే కోటా కనపడని కోటా అవుతుంది, అంతే. కనపడనిదాన్ని వివరించడం ఇంకా కష్టం.

చెప్పే అరగంట

రేటింగ్ చెప్పే మీటింగ్‌కి మనిషికి ముప్పై నిమిషాలు పెట్టుకోండి, రోజుకి నలుగురికి మించొద్దు. ఐదో మనిషికొచ్చేసరికి మీరు పాఠం అప్పజెబుతుంటారు, ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది. శుక్రవారం సాయంత్రం పెట్టొద్దు, శనాదివారాలు వాళ్లు దాన్నే నెమరేసుకుంటారు. పోర్టల్‌లో రేటింగ్ కనపడే రోజు హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకుని, అంతకు ముందే అందరికీ చెప్పేయాలి. ఒకరికి మీరు చెప్పి, ఇంకొకరికి పోర్టల్ చెబితే ఆ రెండో మనిషి మీతో మళ్లీ మనసిచ్చి మాట్లాడడు.

మొదటి రెండు నిమిషాల్లో అంకె చెప్పేయాలి. కుశల ప్రశ్నలతో పది నిమిషాలు లాగితే ఆ పది నిమిషాలూ ఎదుటివాళ్ల చెవికెక్కవు. తగ్గినప్పుడు నేను వాడే మాటలు దాదాపు ఇవే: “నీ రేటింగ్ మూడు. నేను నాలుగు అనుకుని వెళ్లాను. గదిలో నీ గ్రేడులో ఇంకో ముగ్గురి పని పక్కన పెట్టి చూశాక మూడుకి నేనూ ఒప్పుకున్నాను. కారణం ఇదీ.” ఇందులో బరువంతా ‘నేనూ ఒప్పుకున్నాను’ మీద ఉంది. ఆ మాటతో కోపం మీ మీదికే వస్తుంది, రానివ్వండి. మీ మీద కోపమొచ్చిన మనిషి మీతో పోట్లాడతాడు. కనపడని ప్యానెల్ మీద కోపమొచ్చిన మనిషి ఎవరితో పోట్లాడాలో తెలియక రెజ్యూమే తీస్తాడు.

నిజంగా మీరు ఒప్పుకోకపోతే? అప్పుడు ఒప్పుకున్నానని చెబితే అది ఇంకో అబద్ధం. “నేను ఒప్పుకోలేదు, కానీ ఇది ఖాయమైంది, అప్పీల్‌కి పది పనిదినాలు గడువుంది, నా నోట్ నీకు ఇస్తాను” అనాలి. నోట్ ఇవ్వగలిగితేనే ఈ మాట అనండి. నా తొమ్మిది సైకిళ్లలో ఇలా చెప్పాల్సి వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువసార్లు అంటే ఆ మాటకీ శీర్షికలో ఉన్న గతే.

రెండో విషపు మాట ‘వచ్చే సైకిల్‌లో చూసుకుందాం’. ప్రమోషన్ విషయంలో మరీ. వచ్చే ఏడాది ఆ గ్రేడులో ఖాళీలెన్నో మీకు తెలియదు, మీరు అదే టీమ్‌లో ఉంటారో లేదో తెలియదు. మీ చేతిలో ఉన్నవే మాటివ్వండి: ఫలానా మాడ్యూల్ డిజైన్ ఇస్తాను, ఫలానా క్లయింట్ కాల్ నువ్వే నడుపు, సెప్టెంబరులో కూర్చుందాం. అదే రోజు మూడు లైన్ల మెయిల్ పెట్టండి. మెయిల్‌లో రాయడానికి చెయ్యి రాని మాట నోటితో కూడా అనకూడదని లెక్క.

మౌనంగా ‘ఓకే’ అని లేచిపోయేవాళ్లతో జాగ్రత్త. ఏడ్చినవాళ్లు, గొంతు పెంచినవాళ్లు మామూలుగా ఉండిపోతారు. మౌనంగా వెళ్లినవాళ్లని నాలుగు రోజులాగి, టీకి పిలిచి మళ్లీ అడగండి.

డబ్బు లెక్క విడిగా

రేటింగ్ మీటింగ్‌లో డబ్బు మాట ఎత్తొద్దు, లెటర్ వచ్చాక ఇంకో పావుగంట పెట్టుకోండి. చాలామంది మేనేజర్లకే ఆ లెక్క రాదు. వేరియబుల్ పే (ఫలితాల్ని బట్టి మారే జీతం భాగం) చూడండి. 12 లక్షల సీటీసీలో (మనిషి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 10 శాతం, అంటే 1,20,000. సొంత రేటింగ్ గుణకం 1.0, యూనిట్ గుణకం 0.85, కంపెనీ గుణకం 0.9 అయితే మూడూ కలిపి 0.765. చేతికొచ్చేది, పన్నుకి ముందు, 91,800. ‘ఆశించినంత చేశావు’ అని చెప్పి 28,200 కోశారంటాడు, న్యాయమే. ఆఫర్ లెటర్‌లో ఆ పెద్ద అంకెని ముందు పెట్టి చూపించినవాళ్లదే తప్పు.

హైక్ అయితే రేటింగ్ ఒక్కదానితో తేలదు, గ్రేడు మధ్య జీతంతో పోలిక కూడా చూస్తారు. మధ్య జీతం 15 లక్షలు. ఒకరిది 12, నిష్పత్తి 0.80. ఇంకొకరిది 16.5, నిష్పత్తి 1.10. ఇద్దరిదీ రేటింగ్ 3. మొదటివాళ్లకి 9 శాతం, 1,08,000. రెండోవాళ్లకి 5 శాతం, 82,500. ‘నాకు తక్కువ శాతం’ అని రెండోవాళ్లు, ‘ఇంత పెరిగినా నాది 13.08, ఆయనది 17.3’ అని మొదటివాళ్లు, ఇద్దరూ అసంతృప్తే. 2022లో వలసలు ఉధృతంగా ఉన్నప్పుడు (ఏప్రిల్-జూన్‌కి ఇన్ఫోసిస్ 28.4 శాతం, జూలై-సెప్టెంబరుకి టీసీఎస్ 21.5 శాతం అట్రిషన్, అంటే మానేసి వెళ్లినవాళ్ల శాతం, చూపించాయి) బయటినుంచి వచ్చినవాళ్లకి పెద్ద జీతాలిచ్చి తీసుకున్నారు. పదేళ్లుగా ఉన్నవాళ్లు పని నేర్పాలి, నేర్చుకునేవాళ్లకి జీతం ఎక్కువ. ఈ పుండుని ఏ రేటింగూ మాన్పదు. మేనేజర్ చేయగలిగిందల్లా, అలాంటి పేర్లన్నీ ఒక షీట్‌లో పెట్టి, మార్కెట్ సవరణ కోసం సైకిల్‌తో సంబంధం లేకుండా అక్టోబరులో అడగడం. ఏప్రిల్‌లో అడిగితే బడ్జెట్ అయిపోయిందంటారు.

సర్వే

లెటర్లొచ్చిన నెలా రెండు నెలలకి ఎంగేజ్‌మెంట్ సర్వే (కంపెనీ గురించి ఉద్యోగులు ఏమనుకుంటున్నారో అడిగేది) వస్తుంది. తెలివైన నాయకత్వం దాన్ని లెటర్లకి ముందే పెట్టించి మంచి మార్కులు కొట్టేస్తుంది. ఏ ఏడాది ఏ నెలలో జరిగిందో చూడకుండా స్కోర్లు పోల్చొద్దు.

నలభై వాక్యాలు, ఐదు మెట్లు. 4, 5 పెట్టినవాళ్ల శాతమే ‘అనుకూలం’. దాంతోపాటు ‘ఈ కంపెనీలో చేరమని స్నేహితుడికి చెబుతారా, 0 నుంచి 10’ అన్న ప్రశ్న ఉంటుంది. 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 దాకా వేసినవాళ్ల శాతం తీసేస్తారు. 7, 8 లెక్కలోకి రావు. మన దగ్గర పదికి ఎనిమిదంటే ఫస్ట్ క్లాస్ పైమాటే, ఆ వేసినవాడు బాగుందనే వేశాడు. వంద మందిలో 20 మంది 9-10, 50 మంది 7-8, 30 మంది అంతకు కింద వేస్తే స్కోరు మైనస్ 10. పై ఆఫీసులో గగ్గోలు. అంకె కంటే అదే ప్రశ్నకి మన యూనిట్‌లోనే పోయినేడాది ఏమొచ్చిందో చూడటం మేలు.

పేర్లు బయటపడవంటారు. కనీసం ఐదుగురు జవాబిస్తేనే గ్రూపు రిపోర్టు చూపిస్తారన్నది మామూలు నియమం. అయినా తీసివేతతో పట్టుకోవచ్చు. పన్నెండు మంది టీమ్ మొత్తం రిపోర్టు ఉంది, అందులో హైదరాబాద్‌లో ఉన్న ఎనిమిది మంది రిపోర్టు విడిగా ఉంది. మిగిలిన నలుగురు పుణేవాళ్లు ఏమన్నారో లెక్కకట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అందుకే రిపోర్టు కోతలు అడిగేటప్పుడు ఏ కోత చేసినా మిగిలేది పదికి తగ్గకుండా చూడాలి. కామెంట్లలో మనుషులు వాక్యం తీరుతోనే దొరికిపోతారు. ‘ఇది ఎవరు రాశారో నాకు తెలుసు’ అని మేనేజర్ నవ్వుతూ అన్నా సరే, మరుసటి ఏడాది అందరూ అన్నిటికీ 4 కొట్టి మూసేస్తారు. అప్పుడొచ్చే మంచి స్కోరుని మించిన చెడ్డ వార్త లేదు. జవాబుల శాతం 95 దాటాలని రోజూ మెయిళ్లు పెట్టి పేర్లవారీగా వెంటపడితే కూడా ఇదే ఫలితం. డెబ్బై ఎనభై శాతం వచ్చి, అందులో 2లు, 1లు ధైర్యంగా కనపడుతుంటే ఆ టీమ్ ఇంకా బతికే ఉంది.

తర్వాత యాక్షన్ ప్లాన్. ఇక్కడ శుక్రవారం పిజ్జాలు, రంగుల దుస్తుల రోజులు పుట్టుకొస్తాయి. కింది స్కోరు ‘నాయకత్వం చెప్పే మాట నమ్ముతాను’ అన్నదానికి వస్తే, మందు క్యారమ్ బోర్డు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండు పనులకి మించి పెట్టుకోకండి, ఒకటి నెల లోపల అయిపోయేది ఉండాలి. మాకు ఒకసారి పనికొచ్చింది ఇంతే: సాయంత్రం ఏడున్నర తర్వాత పెట్టే కాల్స్‌కి పెట్టినవాళ్లే కారణం రాయాలని నియమం. వారం లోపల సగం కాల్స్ పగటికి మారాయి.

మేనేజర్ లేకుండా అతని టీమ్‌తో పై మేనేజర్ కూర్చునే స్కిప్ లెవెల్ మీటింగ్ సర్వే కంటే ఎక్కువ చెబుతుంది, సరిగ్గా నడిపితే. ఆరుగురికి మించకుండా, నలభై ఐదు నిమిషాలు, ల్యాప్‌టాప్ మూసి. మధ్యలో ఉన్న మేనేజర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే ఆయన తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ‘ఏం మాట్లాడారు’ అని ఆరా తీస్తాడు. ‘సమస్యలేమైనా ఉన్నాయా’ అనడిగితే ‘ఏం లేవు సర్, అంతా బాగుంది’ అంటారు. ‘పోయిన వారం ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చింది’ అనడిగితే నోళ్లు తెరుచుకుంటాయి. అక్కడ విన్నవాటికి రెండు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. కుదరదన్నదీ జవాబే, కానీ పంపాలి.

చివరి రోజు ఎగ్జిట్ ఇంటర్వ్యూ దాదాపు వృథా. రిలీవింగ్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకా కంపెనీ చేతిలో ఉండగా ఎవరైనా ‘మెరుగైన అవకాశం’ అనే రాస్తారు, బుద్ధున్నవాళ్లెవరైనా అదే చేస్తారు. మూడు నెలలాగి, డబ్బులన్నీ పడ్డాక, ఇష్టమైతేనే అని చెప్పి ఫోన్ చేయండి. పావుగంట చాలు. ఎందుకు వెళ్లావని అడగొద్దు, ఇప్పటికి దానికో తయారు జవాబు ఉంటుంది. నౌకరీ సైట్‌లో రెజ్యూమే ఏ వారంలో అప్‌డేట్ చేశావో అడగండి. అది చాలామందికి గుర్తుంటుంది. ఆ తేదీలన్నీ ఒక షీట్‌లో రాసుకుని, పక్క కాలమ్‌లో మీరు వాళ్లకి రేటింగ్ చెప్పిన తేదీ, దాని పక్కన హైక్ లెటర్ వచ్చిన తేదీ వేయండి. నా షీట్‌లో ఎక్కువమంది రేటింగ్ చెప్పిన తేదీకి, లెటర్ వచ్చిన తేదీకి మధ్యనే పడ్డారు.